పదిహేడో నంబరు ఇల్లు

బోల్టుల కాలనీ, ఉదయగిరి
9 జనవరి 2025

జైతూన్‌కు వెంగమ్మ రాస్తున్నది.

ఇకమీదట నీతో ఫోన్లో మాట్లాడను. మొన్న ఆదివారం "గోడలు వచ్చినాయే" అని గొంతు పోయేలా అరిచాను. నువ్వు "గొడవలు వచ్చినాయి" అని విన్నావు. సరే, విన్నావు. మళ్లీ ఒకసారి అడగొచ్చు కదా? అడగకుండా షానవాజ్‌ను ఆటోలో తోలావు. పాపం వాడు ఆత్మకూరు నుంచి ఇంత దూరం వచ్చి, చేతికర్రతో దిగి, "ఎవుడు పెద్దమ్మా, నిన్ను అనింది ఎవుడు?" అని కాలనీ నడిమధ్యన నిలబడ్డాడు. లారీలోంచి గోడలు దించుతున్న కూలీలు ఆ కర్రను చూసి, మోస్తున్న గోడను అక్కడే వదిలేసి కొండ వైపు పరుగు తీశారు. వాళ్లను వెతికి పట్టుకొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. నీ కొడుక్కి అన్నం పెట్టి పంపాను. ఈ సంగతి వాడు నీకు చెప్పి ఉండడులే.

చెవి డాక్టరుకు చూపించుకోమంటే చూపించుకోవు. అందుకే ఈ ఉత్తరం. మనిద్దరం ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నందుకు ఇన్నాళ్లకు ఒక లాభం.

నిజంగానే గోడలు వచ్చాయే. మన బూదవాగుపల్లె రిజర్వాయరులో మునిగి రెండేళ్లు. నువ్వు కొడుకుతో ఆత్మకూరు పోయావు. మేం ఈ రాళ్లగుట్ట కింద రేకుల షెడ్లలో రెండు ఎండాకాలాలు ఉడికాం. ఇప్పుడు ముప్పై ఆరు ఇళ్లు లారీల్లో వచ్చాయి. మట్టిని మరలో అదిమి, మధ్యలో వరిపొట్టు కూరి చేసిన పలకలు. ఇంటికి పన్నెండు. ఇనుప స్తంభాల మధ్య నిలబెట్టి బోల్టులు బిగిస్తే గోడ అయిపోతుంది. పైకప్పు రెండు పొరలు, నడుమ గాలి. ఒకటిన్నర రోజులో ఇల్లు లేస్తుంది.

ఈ ఇళ్ల బొమ్మ గీసింది రమణి అనే అమ్మాయి. ఏదో సంస్థలో ఇంజనీరు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. నెత్తిన గొడుగంత టోపీ, చేతిలో ఎప్పుడూ పానా. అందరినీ కూర్చోబెట్టి చెప్పింది: "ఏ పలకైనా ఏ ఇంటికైనా సరిపోతుంది. కొడుక్కి పెళ్లయితే గది పెంచుకోవచ్చు. మళ్లీ ఊరు మారాల్సి వస్తే ఇల్లు విప్పుకొని తీసుకుపోవచ్చు." మా ఆయన లేచి, "ఇల్లు విప్పేదేందమ్మా, పంచె మాదిరి!" అన్నాడు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. ఆయన మాటలు పట్టించుకోవద్దని నేనే సముదాయించాను. నేను నలభై ఏళ్లుగా పట్టించుకోవడం లేదు కదా.

నీది పదిహేడో నంబరు. మాది పదహారు. నీ తాళంచెవి నా కొంగున ఉంది. కంటికి రెప్పలా చూసుకుంటాను. కంటికి పొర వచ్చిన మాట నిజమే కానీ రెప్ప బాగానే ఉంది. త్వరగా వచ్చెయ్.

వెంగమ్మ

*

ఆత్మకూరు
21 జనవరి

వెంగమ్మక్కకు సలాం.

ఉత్తరం అందింది. షానవాజ్ కర్ర సంగతి చెప్పలేదు. "అంతా బాగానే ఉండారు, చేపల పులుసు పెట్టినారు" అని మాత్రం చెప్పాడు.

లారీలో సిమెంటు వస్తుంది, కంకర వస్తుంది, పెళ్లివాళ్లు వస్తారు. ఇల్లు రావడం నేనెక్కడా వినలేదు. ఇది నా చెవి తప్పు కాదు. నా మొగుడు ఖాజావలి ముప్పై ఏళ్లు మేస్త్రీ పని చేశాడు. పునాది రాయి వేశాక దాని మీద అరచెయ్యి పెట్టి, "కూర్చున్నావా, ఇంక లేవద్దు" అని చెప్పేవాడు. ఆయన పెళ్లాన్ని నేను పోయి, పానాతో లేచిపోయే ఇంట్లో ఉండాలా?

ఇక్కడ నాకేం తక్కువ? కొళాయి తిప్పితే నీళ్లు. వాకిలి దాటితే బస్టాండు. నా చేతి జాకెట్లకు బజారు నిండా గిరాకీ. కోడలు ఇర్ఫానా నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు.

అయినా అడుగుతున్నాను, ఊరికే. తలుపు ఏ వైపుకు ఉంది? కిటికీ పక్కన కుట్టుమిషను పడుతుందా? వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే సూదిలో దారం ఎక్కదు. నమాజు చేసుకోవడానికి పడమర గోడ ఖాళీగా ఉందా? నీళ్ల కుండ ఎక్కడ పెట్టుకోవాలి? గోడకు మేకు కొడితే పట్టుకుంటుందా, పొట్టు రాలుతుందా?

వస్తానని కాదు. ఎవరినీ లోపలికి అడుగు పెట్టనివ్వకు.

జైతూన్‌బీ

*

బోల్టుల కాలనీ
16 ఫిబ్రవరి

జైతూన్‌కు వెంగమ్మ రాస్తున్నది.

నువ్వు అడిగినవన్నీ చూశాను. తలుపు తూర్పు వైపుకు ఉండేది. ఉంది. నీళ్ల కుండకు చోటుకేం, కావలసినంత. కుట్టుమిషను ఎక్కడైనా పెట్టుకోవచ్చు, వెలుతురు ఈమధ్య అన్ని వైపుల నుంచీ వస్తోంది. గాలి కూడా బ్రహ్మాండంగా ఆడుతోంది. కాలనీ మొత్తంలో నీ ఇంట్లో ఆడినంత గాలి ఎవరింట్లోనూ లేదు.

ఇక్కడ ఎండ అప్పుడే మొదలైంది. మధ్యాహ్నం గాలిదుమారం లేస్తే కొండ మీది మట్టి అంతా మన సంగటిలోనే. నీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు ఇదివరకు తలమీద కొంగు కప్పుకుని నిలబడేవాళ్లు, ఇప్పుడు చక్కగా నీడ ఉంది. మాల్యాద్రి మేకలకు మంచి కొట్టం కట్టాడు. అంగన్‌వాడీ పిల్లలకు కూడా కిటికీలు వచ్చాయి. దేవుడి దయ, అన్నీ ఎక్కడివక్కడ సమకూరుతున్నాయి.

రమణి మూడు వారాలుగా నెల్లూరు ఆఫీసులో ఉంది. స్నానాల గదుల సామాను ఇంకా రాలేదు, దాని కోసం తిరుగుతోంది. నిదానంగా రానీలే, తొందరేముంది.

నువ్వు కూడా తొందరపడి రానక్కరలేదు. ఎండలు తగ్గాక చూద్దాం.

వెంగమ్మ

*

ఆత్మకూరు
3 మార్చి

వెంగమ్మక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జనవరిలో "త్వరగా వచ్చెయ్" అన్నదానివి ఫిబ్రవరిలో "తొందరపడొద్దు" అంటున్నావు. ఇంటికి ఎన్ని కిటికీలున్నా అన్ని వైపుల నుంచీ వెలుతురు ఎట్లా వస్తుంది? తలుపు "ఉండేది. ఉంది" ఏమిటి? ఆరో తరగతిలో లెక్కల పేపరు దాచిపెట్టి "మేక తినింది సార్" అన్నప్పుడు కూడా నువ్వు ఇట్లాగే అడక్కుండానే పది సంగతులు చెప్పావు.

నా ఇంటికి ఏమైంది? ఒక్క ముక్కలో రాయి.

నా సంగతంటావా, బాగానే ఉన్నాను. రంజాన్ రోజాలు మొదలయ్యాయి. శుక్రవారాలు బజారుకు పోయి దారాలు, గుండీలు తెచ్చుకుంటాను. మిగతా రోజులు మిషను.

జైతూన్‌బీ

పెద్దమ్మా, నేను ఇర్ఫానాను. అత్త కవరు అంటించమని ఇస్తే నాలుగు ముక్కలు చేరుస్తున్నాను. అత్త శుక్రవారం పోయేది బజారుకు కాదు. రిజర్వాయరు కట్ట దాకా బస్సులో పోయి, ఎర్ర గొడుగు వేసుకుని, నీళ్లకేసి చూస్తూ సాయంత్రం దాకా కూర్చుంటుంది. మామ సమాధి ఆ నీళ్ల కిందే కదా. తిరిగి వచ్చేటప్పుడు మాకు అనుమానం రాకుండా నాలుగు గుండీలు కొనుక్కొస్తుంది. ఇంట్లో ఇప్పటికి డబ్బాడు గుండీలు పోగయ్యాయి. ఆమెకు ఇక్కడ ఏ లోటూ చెయ్యడం లేదు పెద్దమ్మా, కానీ నువ్వు లేక మాట్లాడే మనిషి లేదు. నేను చెప్పానని చెప్పొద్దు.

*

బోల్టుల కాలనీ
18 మార్చి

జైతూన్‌కు,

ఒక్క ముక్కలో రాయమన్నావు. లేదు.

ఇల్లు లేదే. నాలుగు ఇనుప స్తంభాలు, కింద నేల, "17" అని రాసిన రేకు ఉన్నాయి. మిగతాది ఊళ్లో ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే ఇచ్చాను. ఎట్లా జరిగిందో చెబుతాను, చదివి తర్వాత తిట్టు.

జనవరి చివర ఒక గాలిదుమారం వచ్చింది. మాల్యాద్రి మేక అదే పూట ఈనింది. రెండు పిల్లలు. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, జైతూన్ ఇంటి ఎనక గోడ రెండు పలకలు ఇయ్యి, రేపు తెచ్చిస్తా" అన్నాడు. ఖాళీ ఇల్లే కదా అనుకున్నాను. మర్నాడు తేలేదు. నేను అడగలేదు. మేకపిల్లలు ఎంత ముద్దుగా ఉన్నాయంటే, అడగడానికి పోయి చంకనెత్తుకుని వచ్చాను.

ఆ తర్వాత స్నానాల దడి. గదుల సామాను రాలేదని రాశాను కదా. వయసులో ఉన్న పిల్లలు గోనెపట్టా అడ్డం కట్టుకుని స్నానాలు చేస్తున్నారు, గాలికి అది లేచిపోతోంది. నా ఎదుటే ఒకమ్మాయి సబ్బు నురగతో లబోదిబోమంది. నీ తలుపు ఇచ్చాను. తర్వాత ట్యాంకరు దగ్గర నిండు నెలల మనిషి కళ్లు తిరిగి పడిపోయింది, నీ పైకప్పు ఇచ్చాను. కప్పు పోయాక కిటికీలు ఉండి ఏం లాభమని అంగన్‌వాడీకి ఇచ్చాను. గోడలు ఒక్కొక్కటిగా ఎట్లా పోయాయో నాకే సరిగా గుర్తులేదు. పానా అందరి ఇళ్లలోనూ ఉంది. ఏ పలకైనా ఏ ఇంటికైనా సరిపోతుందని ఆ పిల్లే చెప్పింది. మన జనం మామూలుగా ఎవరి మాటా వినరు, ఈ ఒక్క మాట బాగా విన్నారు.

ప్రతిసారీ వచ్చినవాళ్లు ఒకటే మాట అన్నారు: "జైతూనే ఇక్కడ ఉంటే కాదంటాదా?" నువ్వు కాదనవని నాకు తెలుసు. అందుకని నీ తరఫున నేనే సరేనన్నాను. ఇప్పుడు ట్యాంకరు దగ్గరిది జైతూన్ పందిరి. స్నానాల దడికి ఉన్నది జైతూన్ తలుపు. "జైతూన్ ఏసుకున్నావా?" అని పిల్లలు బయట నుంచి అరుస్తుంటారు.

ఇంతవరకూ పర్వాలేదు. మొన్న నోటీసు అంటించారు. ఏప్రిల్ 24న ఆఫీసరు ఇంటింటికీ వచ్చి చూస్తాడట. మనుషులు లేని ఇల్లు రద్దు చేసి ఇంకొకరికి ఇస్తారట. మనుషులు లేని ఇంటికే ఆ గతి అయితే ఇల్లే లేని ఇంటికి ఏం చేస్తారో నోటీసులో రాయలేదు.

రమణి నెల్లూరు నుంచి వచ్చి, నాలుగు స్తంభాల మధ్య నిలబడి, టోపీ తీసి చేతిలో పట్టుకుంది. "అవ్వా, ఇంట్లో గోడలేవి?" అంది. దీనికి జవాబుగా నేను ఆమెకు మజ్జిగ ఇచ్చాను.

నువ్వు రావాలి జైతూన్. తప్పు నాది. కానీ నువ్వు రాకపోతే ఆ చోటు కూడా పోతుంది.

వెంగమ్మ

*

ఆత్మకూరు
25 మార్చి

వెంగమ్మా,

అక్క అని రాయడం లేదు, గమనించు.

రోజా ఉన్నాను కాబట్టి నోటితో గానీ చేత్తో గానీ తిట్టకూడదు. తిట్లన్నీ గుర్తు పెట్టుకున్నాను. రంజాన్ పండగైన మర్నాడు వేరే కవరులో వస్తాయి.

తలుపు ఇచ్చేశావా? ఎవరైనా తలుపు ఇస్తారా? గోడ ఇచ్చావు, పోనీ. కప్పు ఇచ్చావు, కడుపుతో ఉన్న మనిషి కోసం కాబట్టి పోనీ. తలుపు పోయాక ఆ తాళంచెవి కొంగున ఎందుకు కట్టుకుని తిరుగుతున్నావు?

మేకపిల్లలు ఎట్లా ఉన్నాయి?

నేను రాను. ఇల్లు రద్దు చేస్తే చెయ్యనీ. ఆ నంబరు రేకు ఒక్కటి పంపించు, గుర్తుగా ఉంచుకుంటాను.

ఎందుకు రానో కూడా చెబుతాను. నీతో అబద్ధం ఆడి ఏం లాభం, నీ అంత బాగా నాకు రాదు. శుక్రవారం నేను పోయేది బజారుకు కాదు. కట్ట మీదికి పోతాను. కుడి పక్కన మూడో దీపస్తంభం దగ్గర నిలబడితే ఎదురుగా మన మసీదు ఉన్న చోటు, దాని వెనక ఖాజావలి. ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి ఇళ్లు కట్టాడు, శుక్రవారం ఒక్కరోజే ఇంటి పట్టున ఉండేవాడు. ఇప్పుడు నేను ఇంకా దూరం పోతే ఆ ఒక్కరోజు కూడా ఆయనకు మనిషి ఉండదు. ఉదయగిరి నుంచి కట్టకు రెండు బస్సులు. మోకాళ్లు ఒప్పుకోవు. ఇదీ సంగతి. నవ్వితే నవ్వు.

జైతూన్‌బీ

*

బోల్టుల కాలనీ
5 ఏప్రిల్

జైతూన్‌కు,

తిట్ల కవరు ఇంకా అందలేదు. పోస్టాఫీసులో రోజూ అడుగుతున్నాను.

నవ్వలేదే. నాకు ముందే తెలుసు. ఎవరు చెప్పారని అడక్కు, ఇంట్లో అన్ని గుండీలు పెట్టుకున్నదానివి నువ్వు.

నాకు తోచింది చెబుతాను. ఖాజావలి మేస్త్రీ ఏ ఊళ్లో పని చేసినా అక్కడి కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. కలువాయిలో ఎవరింట్లో బావి పడింది, వరికుంటపాడులో ఎవరి దూలం విరిగింది, అన్నీ. అట్లాంటి మనిషికి నువ్వు వారం వారం పోయి ఏం చెబుతున్నావు? పోయినవారం చూసిన నీళ్లే ఈవారమూ చూశాననా? నాలుగు కొత్త సంగతులు పోగేసుకుని నెలకొకసారి పో. నేనూ వస్తాను. రెండు బస్సులంటావా, కలిగిరిలో దిగి టీ తాగి ఎక్కుదాం. మోకాళ్లు నాకూ ఉన్నాయి.

ఇల్లు సంగతి. నిన్న సమావేశం పెట్టాం. మాల్యాద్రి తలవంచుకుని, "నా పలకలు నేను ఇప్పేస్తా" అన్నాడు. ట్యాంకరు పందిరి విప్పడానికి నలుగురు పానాలు పట్టుకుని లేచారు. అప్పుడు రమణి అడ్డం నిలబడింది. ఇన్ని రోజులూ ఆ పిల్ల కోపంగా ఉందనుకున్నాం. కాదట. ఏ పలక ఎక్కడికి పోయిందో, దాని కింద మిట్టమధ్యాహ్నం ఎంతమంది ఉంటున్నారో రాసుకుంటోందట. "నీళ్ల దగ్గర నీడ కావాలని నా బొమ్మలో గీసుకోలేదు అవ్వా. అది నా తప్పు. ఆ పందిరి ముట్టుకోవద్దు" అంది. ఇంజనీరు తప్పు ఒప్పుకోవడం చూసి మా ఆయనకు నోట మాట రాలేదు. ఒక పూట సుఖంగా గడిచింది.

చివరికి ఇట్లా తేలింది. ఇంట్లో అడ్డుగోడ పెట్టుకున్నవాళ్లు తలా ఒక పలక ఇస్తారు. పన్నెండు ఇళ్లు, పన్నెండు పలకలు. కప్పుకు ఒక పొర దొరికింది, దాని మీద మాల్యాద్రి బోదగడ్డి కప్పుతాడు. తలుపు కూడా దొరికింది. ఎక్కడిదని అడక్కు.

ఒక చిక్కు వచ్చి పడింది. నా కంటి పొర తీయడానికి ఆత్మకూరు ఆసుపత్రిలో ఏప్రిల్ 22 తేదీ ఇచ్చారు. తప్పితే మళ్లీ ఆరు నెలలు. ఆఫీసరు వచ్చేది 24. నేను ఇర్ఫానా దగ్గర ఉంటాను, నువ్వు ఇక్కడ ఉండు. 20న నేను పొద్దున బస్సుకు బయలుదేరుతాను, నువ్వూ బయలుదేరు. కలిగిరి బస్టాండులో తాళంచెవి నీ చేతిలో పెడతాను.

నువ్వు రాకపోతే ఆ తాళంచెవి కలిగిరి బస్టాండులో ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇచ్చే అలవాటు ఉందని నీకు తెలుసు.

వెంగమ్మ

*

బోల్టుల కాలనీ, ఉదయగిరి
25 ఏప్రిల్

వెంగమ్మక్కకు జైతూన్ సలాం.

కంటి కట్టు విప్పారని షానవాజ్ కబురు పంపాడు. దీన్ని ఇర్ఫానా చేత చదివించుకో, నువ్వు చదవొద్దు.

కలిగిరిలో పది నిమిషాలు దొరికితే అందులో ఎనిమిది నిమిషాలు మనం పోట్లాడుకున్నాం. అందుకని అడగాల్సింది అడగలేదు. ఇక్కడికి వచ్చాక అడగాల్సిన పని లేకపోయింది. నా ఇంటి తలుపు మీద బొగ్గుతో బావ పేరు, "పోలేరయ్య" అని రాసి ఉంది. పక్కింటికి తలుపు లేదు. దానికి నీ పాత చీర వేలాడుతోంది, లోపల బావ పడుకుని, "కుక్క వచ్చింది, ఎవురన్నా తోలండి" అని అరుస్తున్నాడు. తలుపు ఇచ్చేసేవాళ్లు లోకంలో ఒక్కసారే ఇస్తారనుకున్నాను. నువ్వు రెండోసారి నీదే ఇచ్చావు. బావకు మందపాటి గుడ్డతో, అడుగున ఇసుక కుట్టి తెర తయారుచేశాను. గాలికి లేవదు. కుక్కను తోలడం మాత్రం ఆయనే నేర్చుకోవాలి.

ఇల్లు పూర్తయ్యాక నువ్వు చూడలేదు కదా. పన్నెండు పలకలూ పన్నెండు రంగులు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి సున్నం, ఒకటి నీలం. ఒకదాని మీద అ ఆ ఇ ఈ రాసి ఉంది. ఇంకోదానిమీద అరచేతుల పసుపు ముద్రలు. పడమటి గోడకు ఏ బొమ్మా లేనిది ఏరి పెట్టారు. ఎవరికి గుర్తుందో మరి. పలకలను ఒక్కొక్కరు తమకు కావలసినట్టు పైన కోసుకున్నారు, అందుకని గోడకూ కప్పుకూ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. దాన్ని మూయడానికి టైము లేకపోయింది. ఖాజావలి చూసి ఉంటే మూర్ఛపోయేవాడు.

ఇక నిన్నటి సంగతి. ఆఫీసరు పేరు రామనారాయణ. రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి. మంచివాడే, కానీ పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి ఇంటింటికీ ఎక్కి దిగి నా ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. ఎండ నలభై మూడు. ముఖం ఎండు మిరపకాయలా ఉంది. గుమ్మంలోనే ఆగి గోడల రంగులు చూసి, "ఇదేం ఇల్లమ్మా, బొంతమాదిరి ఉండాదే" అన్నాడు. నేను చాప వేసి కుండలో నీళ్లు ఇచ్చాను. ఎదురుగా కూర్చుని మాట్లాడితే నాకు బాగానే వినిపిస్తుంది, నువ్వే ఊరికే చెవిటిదాన్ని చేశావు.

"నీ పేరు?" అన్నాడు. చెప్పాను. "ఇంట్లో ఎంతమంది?" అన్నాడు. చెప్పేలోపల కళ్లు మూతలు పడ్డాయి. గోడకు తల ఆనించాడు. తర్వాత పక్కకు ఒరిగాడు. తర్వాత గురక.

బయట కాలనీ అంతా నిలబడి ఉంది. లేపితే కోపం వస్తుందేమో, లేపకపోతే ఏమవుతుందో! మాల్యాద్రి మేకల నోళ్లు పట్టుకుని కూర్చున్నాడు. రమణి మాత్రం మెల్లగా లోపలికి వచ్చి, వేడి కొలిచే మర ఆయన తల పక్కన పెట్టి చూసింది. తర్వాత పక్కిళ్లకు పరుగెత్తి, మళ్లీ వచ్చి మళ్లీ చూసింది. అన్ని ఇళ్లలో ముప్పై ఆరు డిగ్రీలు, నా ఇంట్లో ముప్పై మూడు! వేడిగాలి పైన సందులోంచి పోతోందట, గడ్డి కప్పు ఎండను ఆపుతోందట. "ఆ సందు లేకుండా గట్టిగా బిగించమని నేనే చెప్పినాను అవ్వా" అని నా చెవిలో గుసగుసగా అంది. నాకు గుసగుసలు వినపడవు, రెండోసారి గట్టిగా చెప్పింది. ఆయన లేచాడు.

"ఎంతసేపు అయింది?" అన్నాడు.

"గంటన్నర సార్" అంది రమణి.

సిగ్గుపడి కాగితాలు సర్దుకుని, గొంతు గట్టి చేసుకుని నన్ను అడిగాడు: "ఎన్ని రోజులుగా ఉంటున్నావమ్మా ఈ ఇంట్లో?"

ఆయన వెనక మాల్యాద్రి పది వేళ్లూ మూడుసార్లు చూపిస్తున్నాడు, నెల అని చెప్పమని. నేను చూశాను. కానీ అక్కా, మనిషి నా ఇంట్లో ఆదమరిచి నిద్రపోయి లేచాడు. ఆ ముఖం చూసి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నాలుగు రోజులు సార్" అన్నాను. మాల్యాద్రి నెత్తి కొట్టుకున్నాడు. ఇదే అదనని ఒక మేక అరిచింది.

"అంతకుముందు?"

"అంతకుముందు ఈ ఇల్లే లేదు సార్. ఊళ్లో వాళ్లకు అవసరమై తీసుకున్నారు. రండి, చూపిస్తాను."

తీసుకుపోయాను. ట్యాంకరు దగ్గర పందిరి కింద ఇరవై బిందెలు, వాటి పక్కన ఆడవాళ్లు. "ఇది మా పైకప్పు" అన్నాను. కొట్టంలో మేకపిల్లలు. "ఇది వెనక గోడ." అంగన్‌వాడీలో పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని ఆయనకు టాటా చెప్పారు. స్నానాల దడి దగ్గరికి పోతే లోపల నుంచి "జైతూన్ ఏసుండాది, రావద్దు!" అని కేక వచ్చింది. ఆఫీసరు నాకేసి చూశాడు. "అది తలుపు సార్" అన్నాను.

ఆయన తిరిగి వచ్చి మళ్లీ చాప మీదే కూర్చున్నాడు. నేను మనసులో ఆశ వదులుకున్నాను. నిజం చెప్పాను కదా, పోతే పోయిందిలే అనుకున్నాను. అట్లా అనుకున్నప్పుడు తెలిసింది, పోతే నాకు ఎంత ఏడుపు వస్తుందో. నాలుగు రోజుల్లోనే ఆ పిచ్చి రంగుల గోడలు నావైపోయాయి.

"ఊళ్లోకి పోయినవాటిని నేను చూడలేదు. ఎండకు నాకు కళ్లు బైర్లు కమ్మినాయి" అన్నాడు రమణితో. "వాటికి వేరే అర్జీ పెట్టుకోండి. ఇంక ఈ ఇల్లు. ఇంట్లో మనుషులు ఉండారా లేదా రాయమన్నారు, అంతే. గంటన్నరసేపు నేనే ఉంటిని కదమ్మా." కాగితం మీద "మనుషులున్నారు" అని రాసి సంతకం పెట్టాడు.

పోతూ పోతూ, "ఆ సందు మూయమాకండి" అన్నాడు.

మాల్యాద్రి ఒక మేకపిల్లను నాకే ఇచ్చేస్తానంటున్నాడు. రమణి ముప్పై అయిదు ఇళ్ల మీదా సందు పెట్టించడానికి నిచ్చెన వేసుకుని తిరుగుతోంది. బావ కింద నిలబడి ఆమెకు సలహాలు చెబుతున్నాడు. నువ్వు త్వరగా వచ్చి ఆయన్ను తీసుకుపో.

ఇవాళ శుక్రవారం. మిషను ముందు కూర్చున్నాను గానీ చెయ్యి ఆడటం లేదు. ఇల్లు మారానని ఖాజావలికి చెప్పలేదు.

జైతూన్

*

ఆత్మకూరు
3 మే

జైతూన్‌కు వెంగమ్మ చెబుతుంటే ఇర్ఫానా రాస్తున్నది.

కన్ను బాగుంది. పదేళ్లుగా షానవాజ్‌ను తెల్లగా ఉంటాడనుకున్నాను, పొర తీశాక చూస్తే చామనఛాయ. డాక్టరు నల్లద్దాలు ఇచ్చాడు. బజారులో జనం దారి ఇస్తున్నారు.

నీ ఉత్తరం ఇర్ఫానా మూడుసార్లు చదివి వినిపించింది. ఆఫీసరు పడుకున్న చోట ప్రతిసారీ తనే నవ్వి ఆగిపోతుంది, నేను ముందుకు పోనివ్వమని గదమాయించాలి. చివరి రెండు మాటలు మాత్రం ఒక్కసారే చదివింది.

నిన్న శుక్రవారం. షానవాజ్ ఆటోలో నేనూ ఇర్ఫానా కట్ట దగ్గరికి పోయాం. నువ్వు చెప్పినట్టే కుడి పక్కన మూడో దీపస్తంభం దగ్గర కూర్చున్నాం. నేను కట్ట మీదికి ఎక్కడం ఇదే మొదటిసారి. రెండేళ్లుగా అటు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నీకు చెప్పలేదు. చూస్తే నీళ్లు, అంతే. ఒక కొంగ.

అక్కడ కాపలా మనిషి ఒకాయన ఉన్నాడు. దగ్గరికి వచ్చి, "ఇక్కడ కూర్చోకూడదమ్మా" అన్నాడు. తర్వాత మమ్మల్ని ఎగాదిగా చూసి, "శుక్రవారం శుక్రవారం ఎర్ర గొడుగు ఏసుకుని ఒకామె వస్తుండె. ఆమెకైతే ఏం చెప్పేవాణ్ణి కాదు. పోయినవారం రాలా, ఈవారమూ రాలా. ఒంట్లో బాగలేదేమో అనుకుంటుండా" అన్నాడు.

"బాగానే ఉండాదయ్యా. ఆమెకు ఇల్లు దొరికింది" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "అట్నా! మంచిమాట. అయితే ఒక మాట చెప్పి పోవచ్చు కదా?"

"చెప్పడానికే కదయ్యా, మేం వచ్చింది" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అయినా మమ్మల్ని కూర్చోనిచ్చాడు. నేను నల్లద్దాలు తీసి, నీళ్ల వైపు తిరిగి, పన్నెండు రంగుల గోడలతో మొదలుపెట్టి మేస్త్రీకి అంతా చెప్పాను. నాలుగు వేళ్ల సందు దగ్గరికి వచ్చేసరికి కొంచెం భయమేసింది. అది కూడా దాచకుండా చెప్పేశాను.

సోమవారం బస్సుకు వస్తున్నాను.

నీ అక్క
వెంగమ్మ